ముద్దలు ఆయనకు రెండు, నాకు ఒకటి; పప్పు మాత్రం సమానం

మా ఆయన తెల్లవారుజామున 4 గంటలకు లేచి, తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి నుంచి చంద్రగిరి దాటి పాకాల దారిలో ఉన్న మా పల్లెకు బండి మీద వెళ్లి, ఆరు ఆవులకు పాలు పితికి, పేడ ఎత్తి, గడ్డి కోసి తెచ్చి వేసి, ఎండ ఎక్కేలోపు చేనిలో పనికి దిగుతారు. నేను ఉదయం 10 గంటలకు ఒక ఆఫీసులో లెక్కల ముందు కూర్చుంటే సాయంత్రం 6 గంటలకు లేస్తాను. పాప హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కనుక ఇంట్లో వంట మా ఇద్దరికే. ఒకే గిన్నెలో వండి, ఇంత వేరుగా గడిచే రెండు ఒళ్లకు సరిపడా పెట్టడం ఎలాగో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ లోపల నా ఆరోగ్యం దెబ్బతిన్నది కూడా. అందుకే వివరంగా రాస్తున్నాను.

పెళ్లైన మొదటి పదేళ్లు ఇద్దరం సమానంగా తిన్నాం. మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా నా కంచం వైపు చూసి, "ఏం పాపా, ఇంతేనా తినేది?" అని ఇంకో ముద్ద పెట్టేది. అది ఆమె ప్రేమ. కాదనడం నాకు చేతనయ్యేది కాదు. ఆయన ఒళ్లు అలాగే ఉంది, నేను మాత్రం 11 కిలోలు పెరిగాను. దాంతో ఒకరోజు గట్టిగా అనుకుని అన్నీ సగానికి తగ్గించేశాను. అన్నం సగం, పప్పు సగం, కూర సగం, పాలు పూర్తిగా మానేశాను. ఎనిమిది నెలల్లో బరువు తగ్గింది కానీ, ఆఫీసు మెట్లు రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే కళ్లు మూతలు పడడం, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. గర్భిణులు కాని స్త్రీలకు 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. డాక్టరమ్మ మాత్రలు రాసిస్తూ, "అన్నం తగ్గించావు, మంచిదే. పప్పు ఎందుకు తగ్గించావమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

ఆ తర్వాతే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలను శ్రద్ధగా చదివాను. 65 కిలోల బరువుండి మధ్యరకం శ్రమ చేసే పురుషునికి రోజుకు 2710 కేలరీలు కావాలి. 55 కిలోల బరువుండి కూర్చుని పని చేసే స్త్రీకి 1660 చాలు. మా ఇద్దరి బరువులు దాదాపు అంతే కనుక ఈ అంకెలు మాకు సరిపోతాయి. నాకు కావలసిన శక్తి ఆయనకు కావలసిన దానిలో సుమారు ఐదింట మూడు వంతులు. ఇంతవరకు నేను ఊహించినదే. కానీ అదే పట్టికల్లో మాంసకృత్తులు ఆయనకు 54 గ్రాములైతే నాకు 46. కాల్షియం ఇద్దరికీ 1000 మిల్లీగ్రాములు. ఇనుము ఆయనకు 19 మిల్లీగ్రాములైతే నాకు 29. నెలసరి ఆగని వయసులో ఉన్న స్త్రీకి ఇనుము పురుషునికంటే ఒకటిన్నర రెట్లు కావాలన్నమాట.

కేలరీల అంకెలనూ, ఇనుము అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నా పొరపాటు ఎక్కడుందో తెలిసింది. ఆయన కంచంలో ఆయనకు సరిగ్గా సరిపడే భోజనం ఉందనుకుందాం. అందులో నుంచి ఐదింట మూడు వంతులు కొలిచి నాకు పెడితే, కేలరీలు సరిపోతాయి, ఇనుము మాత్రం 12 మిల్లీగ్రాములకు మించదు. అంటే నాకు కావలసిన దానిలో సగం కూడా కాదు. ఆయన తినే ప్రతి వెయ్యి కేలరీలతో 7 మిల్లీగ్రాముల ఇనుము వస్తే చాలు, నాకు 17కు పైగా రావాలి. నాకు కావలసింది ఆయన కంచానికి చిన్న నకలు కాదు, వేరే పాళ్లలో కూర్చిన కంచం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, అదే వయసు పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మా పల్లెల్లో ఆడవాళ్లు అందరికంటే చివర కూర్చుని, పప్పు, ఆకుకూర అయిపోయాక మిగిలిన అన్నంలో పులుసునీళ్లు పోసుకుని తినడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. కడుపు నిండుతుంది. కానీ ఆ అన్నంలో ఏముంది? 100 గ్రాముల తెల్ల బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అన్నం మిగిలి, పప్పు మిగలని ఇంట్లో చివర తినేవారికి నష్టం జరుగుతూనే ఉంటుంది.

అందుకని ఇప్పుడు నేను వేర్వేరు వంటలు చేయను, వడ్డన మార్చుకున్నాను. పప్పు, పులగూర (ఆకుకూరల కూర), మజ్జిగ ఇద్దరికీ సమానంగా గిన్నెలలో ముందే తీసి పెడతాను. తేడా అంతా రాగి సంగటిలో, అన్నంలో, చెనిక్కాయలలో (వేరుశనగల్లో) చూపిస్తాను. రాత్రికి 100 గ్రాముల నూకలు ఉడికించి, పైన 200 గ్రాముల రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, తెడ్డుతో కెలికి మూడు ముద్దలు కడతాను. మొత్తం సుమారు 1000 కేలరీలు, ముద్దకు 330. ఆయనకు రెండు, నాకు ఒకటి. మధ్యాహ్నం ఆయన క్యారియర్‌లో నాకంటే 150 గ్రాముల బియ్యపు అన్నం ఎక్కువ పెడతాను. అది 530 కేలరీలు. సాయంత్రం పాలు పితికేముందు తినడానికి బెల్లం వేసి దంచిన చెనిక్కాయ ఉండలు రెండు, ఒక్కొక్కటి నూరు కేలరీలు. ఈ మూడూ కలిపితే మా ఇద్దరి మధ్య ఉన్న వెయ్యి పైచిలుకు తేడా దాదాపు పూర్తవుతుంది. బియ్యం, పిండి వండకముందే తూచుకుంటాను. ఉడికాక నీటిని బట్టి బరువు మారుతుంది కనుక ఉడికిన అన్నాన్ని తూచడం వల్ల ఉపయోగం లేదు.

నూనె విషయంలో ఒక మార్పు చేశాను. ఇంతకుముందు ఆయన కష్టం చేసి వస్తారని వంకాయ కూరలో గరిటెలతో నూనె పోసేదాన్ని, ఆ కూరే నేనూ తినేదాన్ని. చిన్న చెంచాడు నూనెలో 40 కేలరీలకు పైగా ఉంటాయి, అవి కంటికి కనపడవు. ఇప్పుడు గిన్నెలో నాకు సరిపడేంత నూనెతోనే తిరగవాత పెడతాను. ఆయన కంచంలో సంగటి మధ్య గుంట చేసి నెయ్యి వేస్తాను, పక్కన ఊరిబిండి పచ్చడి రెండింతలు పెడతాను. కలిసిపోయిన నూనెను కూరలో నుంచి తీయలేము కానీ, కంచంలో ఎప్పుడైనా కలుపుకోవచ్చు.

నా కంచంలో అదనంగా చేరినవి కొన్ని ఉన్నాయి. వారానికి మూడు రోజులు ఉలవగుగ్గిళ్లు తింటాను. 100 గ్రాముల ఉలవల్లో ఏడెనిమిది మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పులగూరలో తోటకూర, చెంచలాకు, మునగాకు, ఏది దొరికితే అది వేస్తాను. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి అంత సులభంగా పట్టదు, పులుపు తోడైతే మేలు, కనుక పైన నిమ్మకాయ పిండుకుంటాను. అన్నం తిన్న వెంటనే కాఫీ తాగే అలవాటును కష్టపడి గంటన్నర వెనక్కి జరిపాను. మాత్రలు కూడా డాక్టరమ్మ చెప్పినన్నాళ్లు వేసుకున్నాను. తిండి ఒక్కటే నన్ను లేపిందని చెప్పడం సరికాదు. కిందటిసారి పరీక్షలో హిమోగ్లోబిన్ 12.1 వచ్చింది.

చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు ఈ లెక్కలన్నీ మరింత తేలికవుతాయి. అత్తమ్మ గింజలు నానబెట్టి, ఒక్కొక్కటే పితికి, పితికిపప్పు పులుసు చేస్తుంది. ఆ రోజుల్లో నాకు పప్పుదే పెద్ద భాగం, సంగటి తోడుకు మాత్రమే. అన్నం ఎందుకు వద్దంటున్నానో ఆమెకు పరీక్ష కాగితం చూపించి చెప్పాను. ఇప్పుడు ఆమె నా కంచంలో ముద్దకు బదులు ఇంకో గరిటె పప్పు వేస్తుంది. ఆ పెట్టే చేతిని ఆపాల్సిన అవసరం లేకపోవడం నాకు ఎంతో తృప్తిగా ఉంది.

ఒక్క సంగతి మాత్రం ఆలస్యంగా గమనించాను. కేలరీల అవసరం మనిషిని బట్టే కాదు, రోజును బట్టి కూడా మారుతుంది. ఎండాకాలంలో చేను ఖాళీగా ఉండి, ఆవుల పని మాత్రమే ఉన్నప్పుడు కూడా నేను ఆయనకు కోతల నాటి వడ్డనే వడ్డించేదాన్ని. రెండేళ్ల కిందట ఆయన పంచె బిగుతైంది, అప్పుడు అర ముద్ద, ఉండలు తగ్గించాం. నేను నెలకొకసారి అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి కొండకు వెళ్తాను; ఆ రోజు నాకూ ఇంకో అర ముద్ద కావలసి వస్తుంది, పెట్టుకుంటాను. కోతల రోజుల్లో ఆయనకు ఇంకా ఎక్కువ కావాలి; కఠినమైన శ్రమ చేసే పురుషునికి పట్టికలో ఉన్న అంకె 3470 కేలరీలు.

ఈ వారం చేనిలో చెనిక్కాయ చెట్లు పీకే పని మొదలైంది. రేపటి నుంచి పిండి, నూకలు కలిపి 400 గ్రాములు తూచి, ఆయనకు మూడో ముద్ద కట్టాలి. క్యారియర్‌లో ఇంకో గిన్నెడు అన్నం, చేనిగట్టు మీద తినడానికి నాలుగు ఉండలు ఎక్కువ పెట్టాలి. ఉలవలు ఇప్పుడే నానబోశాను, అవి ఇద్దరికీ.