టీ కొట్టు దగ్గర అనుకున్న మాట కాకినాడకి ఎలా చేరుతుంది?

మా టీమ్‌లో తొమ్మిది మందిమి. ఐదుగురం హైదరాబాద్‌లో, వారానికి మూడు రోజులు గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్తాం. ఒకబ్బాయి కాకినాడలో వాళ్ళింట్లోంచే పనిచేస్తాడు, ఒకమ్మాయి కోయంబత్తూరు, ఇద్దరు డాలస్. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇంటి నుంచి పని ఎంత కష్టమో అని అందరం అనుకున్నాం కానీ, ఇప్పుడు చూస్తే అదే తేలిక. అప్పుడు అందరిదీ ఒకటే పరిస్థితి, ఎవరికి ఏం తెలియాలన్నా ఆ స్క్రీన్ మీదే తెలియాలి. సగం మంది ఒకచోట కూర్చుని, మిగతా సగం దూరంగా ఉన్నప్పుడే అసలు ఇబ్బంది మొదలవుతుంది.

మాకు అది ఒక గురువారం తెలిసొచ్చింది. ఒక క్లయింట్‌కి నెలవారీ బిల్లులు తయారుచేసే పని మాది, రాత్రి 11కి జాబ్, అంటే ఆ బిల్లులు తయారుచేసే ప్రోగ్రామ్, నడుస్తుంది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ముగ్గురం కింద టీ తాగుతూ ఉంటే, ఒక రేటు తప్పుగా ఎక్కిందని మాటల్లో బయటపడింది. సరే, ఈ రాత్రికి ఆపేద్దాం, రేపు రేటు సరిచేశాక నడుపుదాం అనుకున్నాం. పైకెళ్ళి జాబ్‌ని హోల్డ్‌లో పెట్టాం. మిగతా వాళ్ళకి చెప్పే పని పక్కవాళ్ళు చూసుకుంటారని ముగ్గురం అనుకున్నాం, ఎవరం చెప్పలేదు.

ఆ రాత్రి డ్యూటీ కాకినాడ అబ్బాయిది. 11 దాటినా జాబ్ కదలకపోయేసరికి ఏదో ఆగిపోయిందనుకుని, అలాంటప్పుడు ఏం చేయాలని మేమే రాసిపెట్టామో సరిగ్గా అదే చేశాడు, మళ్ళీ స్టార్ట్ చేశాడు. తెల్లారేసరికి తప్పు రేటుతోనే బిల్లులు జనానికి వెళ్ళిపోయాయి. పొద్దున కాల్‌లో క్లయింట్ వైపు వాళ్ళు గట్టిగానే అడిగారు. అంతా అయ్యాక అతను నాతో ఒక్కటే మాట అన్నాడు, "నాకు తెలిస్తే ముట్టుకునేవాణ్నే కాదు కదా అక్కా." రిపోర్ట్‌లో మొదట అతని పేరు పక్కన మాన్యువల్ ఎర్రర్ అని రాశారు, అది నేను పట్టుబట్టి తీయించాను. తప్పు అతనిది కాదు, మా ముగ్గురిదీ. ఆ మాట మాత్రం చాలా రోజులు నన్ను వదల్లేదు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. పని గురించి ఏ మాట ఎక్కడ అనుకున్నా సరే, టీ దగ్గర కానీ లిఫ్ట్‌లో కానీ ఫోన్‌లో కానీ, పది నిమిషాల్లో అది టీమ్ ఛానెల్‌లో, అంటే అందరం మెసేజ్‌లు పెట్టుకునే గ్రూపులో, ఉండాలి. ఎవరు రాయాలో అక్కడే తేల్చుకుని లేవాలి. మేం రాసేది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో పెడుతున్నా:

"ఈ రాత్రి బిల్లింగ్ జాబ్ నడపొద్దు. ఒక రేటు తప్పుగా ఉంది, రేపు మధ్యాహ్నానికి సరిచేస్తాం. జాబ్ హోల్డ్‌లో ఉంది, అది ఫెయిల్ అవలేదు. రేపు రాత్రి 11కి నేనే నడుపుతాను. అభ్యంతరం ఉంటే ఇక్కడే చెప్పండి."

అంతే, రాయడానికి రెండు నిమిషాలు. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యం ఎందుకు అన్న లైను. ఏం చేయాలో మాత్రమే రాస్తే చదివినవాళ్ళు తలూపి ఊరుకుంటారు, ఎందుకో కూడా రాస్తే వాళ్ళకి తెలిసిన విషయం ఏదైనా ఉంటే బయటికొస్తుంది.

ఇది మేం కొత్తగా కనిపెట్టిందేం కాదు. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఇలాగే నడుస్తోంది. అక్కడ రాసేవాళ్ళలో చాలామంది ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఉండరు, అయినా ప్రతి వ్యాసానికీ ఒక చర్చ పేజీ, అందరికీ సంబంధించిన విషయాలకి రచ్చబండ, ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో చూసుకోవడానికి చరిత్ర ఉంటాయి. లైనక్స్ కెర్నల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అయితే 1991లో మొదలై ఇప్పటికీ చాలావరకు ఈమెయిళ్ళ మీదే నడుస్తోంది, మార్పు పంపేవాళ్ళు అది ఎందుకు కావాలో రాసి పంపాల్సిందే. వికీపీడియాలో జీతం కూడా తీసుకోకుండా పనిచేసేవాళ్ళు ఇంత శ్రద్ధగా రాసుకుంటున్నప్పుడు, నెలనెలా జీతం తీసుకునే మనకి నాలుగు లైన్లు బరువు కాకూడదు.

ఇంకో అలవాటు, ఉట్టి హాయ్. మనం పొద్దున 11కి డాలస్ వాళ్ళకి హాయ్ అని పెట్టి ఊరుకుంటే అక్కడ అర్ధరాత్రి. వాళ్ళు లేచి "హాయ్, చెప్పండి" అనేసరికి మనకి సాయంత్రం, మనం ఆ టైమ్‌లో లేకపోతే ఒక రోజంతా పలకరింపులకే సరిపోతుంది. ప్రశ్న, స్క్రీన్‌షాట్, ఎప్పటికి కావాలి, మూడూ మొదటి మెసేజ్‌లోనే పెట్టేయండి. అదేం మర్యాద తక్కువ కాదు, అవతలివాళ్ళ టైమ్‌కి ఇచ్చే మర్యాదే అది.

టైమ్ అంటే గుర్తొచ్చింది. మా రోజువారీ కాల్ డాలస్‌లో పొద్దున 9కి. వేసవిలో మనకి అది రాత్రి 7:30, కానీ నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుతారు, అక్కడి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా మనకి 8:30 అవుతుంది. పిల్లలకి అన్నం పెట్టి పడుకోబెట్టే టైమ్ అది. కొన్నేళ్ళు నోరెత్తకుండా సర్దుకున్నాం. చివరికి అడిగితే వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు, చలికాలంలో పొద్దున 8కే వస్తున్నారు. ఐదు రోజుల కాల్ రెండు రోజులకి తగ్గించాం, మిగతా మూడు రోజులూ ఎవరి పని వాళ్ళు రాసి పెడతారు. ముందే అడిగి ఉండాల్సింది.

కోయంబత్తూరు అమ్మాయి విషయం రాయకుండా ఉండలేను. ఆఫీసు రోజుల్లో మేం ఐదుగురం ఒకే రూమ్‌లో ఒకే మైక్ ముందు కూర్చునేవాళ్ళం. మాటల మధ్యలో తెలుగులోకి వెళ్ళిపోవడం, ఎవరో ఏదో అంటే అందరం నవ్వడం, ఆ అమ్మాయికి కనిపించేది టేబుల్ చివర, రెండు మోచేతులు. నేను ఒక రోజు ఇంటి నుంచి కాల్‌లో చేరితే తప్ప అది ఎంత ఒంటరిగా ఉంటుందో అర్థం కాలేదు. ఇప్పుడు ఆఫీసులో ఉన్నా ఎవరి సీట్లో వాళ్ళం, ఎవరి హెడ్‌సెట్ వాళ్ళం పెట్టుకునే చేరుతున్నాం. తెలుగులో మాట జారితే, జారినవాళ్ళే మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాలి. పెద్ద విషయం ఏదైనా ఉంటే ముందురోజే డాక్యుమెంట్ పంపుతున్నాం, కామెంట్లు అందులోనే. కాల్‌లో రెండు ముక్కలు కూడా మాట్లాడని ఆ అమ్మాయి మొదటి డాక్యుమెంట్‌లోనే పదిహేను కామెంట్లు పెట్టింది, అందులో మూడు మేమెవరం చూడని లోపాలు. ఇన్నాళ్ళూ ఆమెకి చెప్పడానికేం లేదనుకున్నాం.

కెమెరా ఆన్ చేయమని మాత్రం నేనెవరినీ అడగను. ఒకే గది ఉన్న ఇల్లు, వెనకాల పెద్దవాళ్ళు, ఎండాకాలం కరెంటు పోతే ఫోన్ డేటా మీద కాల్, ఎవరి ఇబ్బందులు వాళ్ళవి. దాని బదులు ఏడాదికొకసారి అందరూ ఒకచోట కలిసేలా మా మేనేజర్‌ని ఒప్పించాను. కిందటిసారి కాకినాడ అబ్బాయి రెండు కేజీల గొట్టం కాజా మోసుకొచ్చాడు. ఆ రెండు రోజుల తర్వాత కాల్స్‌లో అతని గొంతే మారిపోయింది.

పోయిన వారం మళ్ళీ అదే టీ కొట్టు దగ్గర, శుక్రవారం రాత్రి సర్వర్ మార్పు చేసేద్దామని అనుకున్నాం. మాలో ఒకరు గ్లాసు పక్కన పెట్టి, ఫోన్ తీసి అక్కడికక్కడే ఛానెల్‌లో టైప్ చేశారు. మేం ఇంకా లిఫ్ట్ దాకా కూడా రాలేదు, కాకినాడ నుంచి జవాబు వచ్చేసింది: "శుక్రవారం వద్దక్కా, ఆ రాత్రి బ్యాకప్ ఉంది. శనివారం పొద్దున పెట్టుకుందాం, నేనుంటాను."