ఎల్‌ఓఐని ఆఫర్ లెటర్ అనుకున్న పదిహేను నెలలు: నా ప్రిపరేషన్ అనుభవాలు

గత వారం నాకు ఆఫర్ లెటర్ వచ్చింది. అది నిజంగా ఆఫర్ లెటరేనా, లేక ఉద్యోగం ఇచ్చే ఉద్దేశం ఉందని మాత్రమే చెప్పే ఎల్‌ఓఐనా అని పై నుంచి కింది దాకా నాలుగుసార్లు చదువుకున్న తరువాతే మదనపల్లెలో మా ఇంటికి ఫోన్ చేశాను. ఆ అనుమానం నన్నెందుకు పట్టుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆప్టిట్యూడ్‌కు ఏ పుస్తకం చదవాలి, కోడింగ్ రౌండ్‌లో ఏ స్థాయి ప్రశ్నలు వస్తాయి అన్న సంగతులు మీకు తెలిసినవే. బెంగళూరు మారతహళ్లిలో ఏ పీజీ హాస్టల్ మెట్లెక్కినా చెప్పేవాళ్లకు కొదవ లేదు. మనం పరీక్ష కోసం వేల ప్రశ్నలు సాధన చేస్తాం గాని, ఆ పరీక్షకు ముందూ వెనకా కంపెనీ మన చేతికిచ్చే కాగితాల్లోని పదాలను మాత్రం కుదురుగా కూర్చుని చదవం. నేను పోగొట్టుకున్న కాలంలో ఎక్కువ భాగం ఆ పదాల దగ్గరే పోయింది.

2023 నవంబరులో, బీటెక్ ఈసీఈ చివరి సంవత్సరంలో ఉండగా, మా కళాశాలకు ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది. రాతపరీక్ష, ఇంటర్వ్యూ రెండు రోజుల్లో ముగిశాయి. మూడో వారంలో మెయిల్‌కు జతగా ఒక లేఖ వచ్చింది. అందులో కంపెనీ గుర్తు, నా పేరు, ఏడాదికి 3.6 లక్షలు అన్న అంకె, అడుగున సంతకం ఉన్నాయి. మా అమ్మ వీధి వీధంతా మైసూర్‌పాక్ పంచింది. టమోటా దిగుబడి తగ్గి దిగాలుగా ఉన్న మా నాయన ఆ రోజు మండీలో కనబడిన ప్రతివాడికీ టీ తాగించాడట. ఆ లేఖ తలకట్టు 'లెటర్ ఆఫ్ ఇంటెంట్', అంటే ఎల్‌ఓఐ. రెండో పేజీ చివరి పేరాలో, ఇది ఉద్యోగ ఒప్పందం కాదనీ, వాళ్లు సూచించిన ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేసినవారికి, కంపెనీ అవసరాలను బట్టి, ఆఫర్ లెటర్ విడిగా పంపుతామనీ స్పష్టంగానే రాసి ఉంది. ఆ పేరా చదవలేదని నేను అనలేను. చదివాను. కాని 3.6 లక్షల దగ్గర ఆగిపోయిన నా కన్ను ఆ పేరా మీద నిలవలేదు.

నష్టం అంతటితో ఆగలేదు. మా ప్లేస్‌మెంట్ సెల్‌లో ఒకరికి ఒకే ఆఫర్ అన్న నియమం ఉండేది. వాళ్లు ఎల్‌ఓఐని కూడా ఆఫర్ కిందే లెక్కగట్టి నా పేరును 'ప్లేస్డ్' జాబితాలో చేర్చారు. ఆ తరువాత వచ్చిన ఆరు కంపెనీల పరీక్షలకు నన్ను కూర్చోనివ్వలేదు. కంపెనీ దృష్టిలో నాది ఇంకా ఖాయం కాని పేరు, కళాశాల దృష్టిలో ఖాయమైపోయిన పేరు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను నేను ఆ రోజే గుర్తించి, ఎల్‌ఓఐ వచ్చినవారిని మిగతా డ్రైవ్‌లకు అనుమతించాలని ఒక అర్జీ రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను గాని, కనీసం రాసి ఉండవలసింది.

2024 మేలో డిగ్రీ చేతికొచ్చింది. జూన్‌లో జాయినింగ్ అన్నారు, తరువాత సెప్టెంబరు అన్నారు, ఆ తరువాత మెయిళ్లకు జవాబు రావడం మానేసింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన మెయిల్‌లో, ఎల్‌ఓఐ ఉన్నవారందరూ మరొక అర్హత పరీక్ష రాయాలనీ, అందులో నిలవనివారి లేఖల చెల్లుబాటు ముగుస్తుందనీ ఉంది. పది రోజుల గడువుతో పెట్టిన ఆ పరీక్షలో నేను నిలవలేదు. ఇంట్లో కూర్చుని తిన్నదని బంధువులు అన్నారు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి: నేను ఖాళీగా కూర్చోలేదు. వాళ్లు చెప్పిన కోర్సులన్నీ పూర్తి చేశాను, జావా మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను. చేయనిది ఒక్కటే, వేరే ఎక్కడా అప్లికేషన్ పెట్టలేదు. ఖాయమైన ఉద్యోగం ఉందనుకున్న మనిషి ఎందుకు పెడుతుంది?

ఆ పదిహేను నెలలు మింగేసింది ఉద్యోగాన్ని మాత్రమే కాదు, నా 'బ్యాచ్'ను కూడా. ఫ్రెషర్ నియామకాల్లో బ్యాచ్ అంటే డిగ్రీ పూర్తి చేసిన సంవత్సరం. 2025 మార్చిలో నేను చింతామణి మీదుగా బస్సెక్కి బెంగళూరులో దిగేసరికి, కనబడిన ప్రకటనల్లో సగానికి పైగా '2025 బ్యాచ్ మాత్రమే' అని ఉన్నాయి. నాలో ఏ మార్పూ లేదు, క్యాలెండరు మారింది. అందుకే ఎల్‌ఓఐ చేతిలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది: అది పోగొట్టుకోకండి, కాని దాని మీద పడుకోకండి. ఆఫర్ లెటర్‌లో జాయినింగ్ తేదీ, హోదా, పనిచేసే ఊరు, జీతం వివరాల అనుబంధం ఉంటాయి. మనం అంగీకరించి సంతకం చేసే చోటు ఉంటుంది. ఇవి లేని కాగితాన్ని ఏ పేరుతో పిలిచినా ఇంట్లో మైసూర్‌పాక్ పంచవద్దు.

బెంగళూరులో మొదటి నెలలోనే రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నాను. అప్లై చేసే ప్రతి ఉద్యోగ ప్రకటన నుంచి నాకు పూర్తిగా అర్థం కాని పదాన్ని అందులో రాసి, అర్థం తెలుసుకున్నాకే అప్లై చేయాలని నియమం పెట్టుకున్నాను. నా రూమ్మేట్ దాన్ని చూసి నవ్వింది. తను రోజుకు నలభై చోట్ల అప్లై చేసేది, నేను నాలుగు చోట్ల. కాని ఆ నోట్‌బుక్ పుట్టిన తరువాత కూడా నేను ఒక పెద్ద తప్పు చేశాను.

సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ సిటీలోని ఒక కంపెనీ ఆఫ్‌-క్యాంపస్ డ్రైవ్‌కు, అంటే కళాశాలల బయట జరిపే నియామకాలకు, షార్ట్‌లిస్ట్ అయ్యాను. అర్హత 'త్రూఅవుట్ 65 శాతం', అంటే పది, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ విడివిడిగా ఉండాలి, సగటు కాదు. నా సీజీపీఏ, అంటే డిగ్రీ మొత్తానికి పదికి లెక్కగట్టే సగటు గ్రేడు, 6.9. పదితో హెచ్చించి 69 అని ఫారంలో నింపాను. సిల్క్‌బోర్డు దాకా బస్సులో వెళ్లి, అక్కడ కొత్తగా మొదలైన ఎల్లో లైన్ మెట్రో ఎక్కి, ఎనిమిదిన్నరకే గేటు దగ్గర నిలబడ్డాను. సర్టిఫికెట్లు చూసే బల్ల దగ్గర ఒకావిడ నా మార్కుల మెమో వెనక్కి తిప్పి, అక్కడ అచ్చువేసి ఉన్న ఒక వరుస మీద పెన్ను పెట్టింది. మా విశ్వవిద్యాలయంలో సీజీపీఏ నుంచి 0.5 తీసివేసి పదితో హెచ్చించాలి. 6.4 ఇంటూ పది, 64 శాతం. ఒక్క శాతం తక్కువ. "ఫారంలో 69 అని ఎందుకు రాశారు?" అని ఆవిడ మెల్లగానే అడిగింది. నేను అబద్ధం చెప్పలేదని ఎంత చెప్పినా, ఆ గదిలో నేను మార్కులు పెంచి రాసిన అభ్యర్థినే. నాలుగేళ్లు నా ఫైలులో ఉన్న కాగితాన్ని నేను ఒక్కసారైనా తిప్పి చూడలేదు. దయచేసి మీ మెమో ఇప్పుడే తిప్పి చూడండి. ఈ సూత్రం అన్ని విశ్వవిద్యాలయాల్లో ఒకటి కాదు. చేరాక జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఈ తేడా బయటపడితే వచ్చిన ఉద్యోగమే పోతుంది.

మిగతావి త్వరగా చెబుతాను. 'యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండరాదు' అంటే ఇప్పుడు పాస్ కాని సబ్జెక్టు ఉండకూడదని మాత్రమే. 'బ్యాక్‌లాగ్ చరిత్ర ఉండరాదు' అంటే ఒకప్పుడు తప్పి తరువాత పాసైనా పనికిరాదని. పర్సెంటైల్ అనేది మీ మార్కుల శాతం కాదు, రాసినవారిలో ఎంత శాతం మంది మీకన్నా వెనక ఉన్నారో చెప్పే లెక్క. సెక్షనల్ కటాఫ్, అంటే ప్రతి విభాగంలోనూ విడిగా దాటవలసిన కనీస మార్కు, ఉన్నచోట లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చినా వెర్బల్‌లో పడిపోయిన కొరత తీరదు. నేను రెండుసార్లు అక్కడే పోయాను, ఆ తరువాత రోజూ ఉదయం గంటసేపు ఇంగ్లిషు పేరాలు చదవడం మొదలుపెట్టాను. ఒకే పరీక్షలో వేర్వేరు హోదాలు దాగి ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోండి. టీసీఎస్ ఫ్రెషర్లకు పెట్టే ఎన్‌క్యూటీ పరీక్షనే తీసుకుంటే, నింజా, డిజిటల్, ప్రైమ్ అన్న మూడు స్థాయిల జీతాలకు పొంతనే ఉండదు; అడ్వాన్స్‌డ్ విభాగాన్ని తేలిగ్గా తీసుకున్నవారు పై రెండింటినీ వదులుకున్నట్టే.

హోదాల పేర్లు మరింత మోసం చేస్తాయి. గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీ అంటే పేరులో ట్రైనీ ఉన్నా మామూలుగా ఉద్యోగే. కొన్నాళ్ల శిక్షణ, ప్రొబేషన్ ముగిశాక కన్ఫర్మేషన్ ఇస్తారు. గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ అలా కాదు. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద అతడు శిక్షణార్థి, కార్మికుడు కాడు. ఇచ్చేది స్టైపెండ్, శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత సంస్థకు లేదు. అప్రెంటిస్‌షిప్ తక్కువదని నేను అనడం లేదు, ఏది ఏదో తెలిసి చేరమంటున్నాను. ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని నచ్చి చదువు ముగియకముందే ఇచ్చేది పీపీఓ, ప్రీ-ప్లేస్‌మెంట్ ఆఫర్. 'పనితీరును బట్టి పీపీఓ' అని ప్రకటనలో ఉంటే అది ఆశ మాత్రమే.

ఇక మారతహళ్లిలో, బీటీఎంలో ఉన్న మనవాళ్లందరి చెవిన పడే ఒక పదం ఉంది: బ్యాక్‌డోర్. ఇంత డబ్బు కడితే మూడేళ్ల దొంగ అనుభవం చూపించి, ఇంటర్వ్యూలో నీ బదులు మరొకరితో మాట్లాడించి లోపల పెడతామంటారు. ఆంధ్రా మెస్‌లో పక్క బల్ల మీద ఈ బేరం జరగడం నేను విన్నాను; మన జిల్లా యాసే. నెలలు గడిచి చేతిలో డబ్బు అయిపోతున్నప్పుడు మనసు అటు లాగుతుంది, నాకూ లాగింది. లాగినప్పుడు ఒక్క సంగతి గుర్తుచేసుకున్నాను. పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు ఒక మనిషికి ఒక్కటే, అందులో ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నామో నమోదవుతుంది. చేయని మూడేళ్ల ఉద్యోగం అందులో కనబడదు. నాకున్నది క్రమశిక్షణో భయమో నాకే తెలియదు. ఐదింటికి లేవడం, ఫోన్ అల్మారాలో పెట్టి తాళం వేయడం వంటి ఉపదేశాలు నేనూ చేయగలను, మొన్న మా తమ్ముడికి గంటసేపు చేశాను కూడా, వాడు ఆవులించాడు.

ఇక బాండ్, అంటే ఇన్నేళ్లు పనిచేయకుండా వెళ్తే ఇంత కడతామని రాసిచ్చే సర్వీస్ అగ్రిమెంట్: సర్వీస్ అగ్రిమెంట్‌లు చెల్లవని ధైర్యం చెప్పే సీనియర్లను నమ్మవద్దు. 2025 మేలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు పనిచేయకుండా వెళ్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని కంపెనీ రాసిన ప్రతి అంకే చెల్లుతుందనీ కాదు; 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం పరిహారం సమంజసంగా ఉండాలి. ఎన్నేళ్లు, ఎంత, ఎప్పటి నుంచి లెక్క అన్న మూడూ సంతకానికి ముందే చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామనే చోటికి మాత్రం నేను పోను.

జనవరిలో వచ్చిన నా ఆఫర్ ప్రక్రియ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నాలుగు రౌండ్లు, పన్నెండు రోజులు. హెచ్‌ఆర్ రౌండ్‌లో "మా ఆఫర్ గురించి ఏమైనా అడగాలా?" అన్నప్పుడు నేను నోట్‌బుక్ తెరిచి ఐదు ప్రశ్నలు అడిగాను. వాటిలో మొదటిది ఎల్‌ఓఐ ఇస్తారా, నేరుగా ఆఫర్ లెటరా అన్నది. ఆయన నవ్వి, "ఇంతకుముందు కాలిందా?" అన్నాడు.

ఆఫర్ లెటర్ అచ్చు తీయించుకుని శనివారం ఇంటికి వెళ్లాను. సీటీసీ, అంటే కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, మళ్లీ అదే 3.6 లక్షలు. "నెలకు ముప్పై వేలా?" అంది అమ్మ. కాదని చెప్పడానికి అనుబంధం పేజీని మా నాయన ముందు పరిచాను. మూల వేతనం నెలకు 15,000. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, ఏడాదికి 21,600, మన సీటీసీలోంచే. గ్రాట్యుటీ మూల వేతనంలో 4.81 శాతం, 8,658. నెలకు 26 పనిదినాల లెక్కన ఏడాదికి పదిహేను రోజుల జీతం. మాలాంటి పర్మనెంట్ ఉద్యోగులకు అది చేతికి రావాలంటే ఐదేళ్లు ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో నిర్ణీతకాల ఉద్యోగులకు మాత్రం దాన్ని ఏడాదికి తగ్గించారు. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే 20,000, బీమా 4,000. ఇవన్నీ పోగా నెలకు స్థూల జీతం 25,478. అందులో నా వాటా పీఎఫ్ 1,800. ఇక వృత్తి పన్ను ఆ పేజీలో లేదు, అంచున నేనే పెన్సిల్‌తో 200 అని రాసుకున్నాను. చేతికి 23,478.

అమ్మ ముఖం చిన్నబోయింది. మా నాయన ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి కిందటి వారం మండీలో ఇచ్చిన పట్టీ తెచ్చి, నా అనుబంధం పక్కన పెట్టాడు. బాక్సు ధర ఒకటి, దాని కింద కమీషన్, హమాలీ, బాడుగ, అన్నిటికీ అడుగున చేతికొచ్చిన మొత్తం. రెండు కాగితాల మీదా వేలు పైనుంచి కిందికి జరుపుతూ వచ్చి, నా పెన్సిల్ గీత దగ్గర ఆపాడు.

"ఈ రెండు వందలు ఎవరికి మ్మా?"

"కర్ణాటక ప్రభుత్వానికి, నాయనా. అక్కడ పనిచేస్తున్నందుకు."

"మార్కెట్ సెస్సు" అన్నాడు, పట్టీ మడిచి జేబులో పెట్టుకుంటూ.