డోలు వినిపించని కారు: మిడ్‌బాస్ స్పీకర్లతో నా అనుభవం

నిన్న సాయంత్రానికి నా కారు డోర్ల పని పూర్తయింది. సంతోషంగానే ఉంది గానీ, ఒక కార్ డెకార్స్ షాపు యజమాని మీద కోపం ఇంకా చల్లారలేదు. ఆ వేడి ఉండగానే రాస్తున్నాను.

నా ఫిర్యాదు మొదటినుంచీ ఒక్కటే. పెళ్లి మేళం రికార్డింగు పెడితే సన్నాయి చక్కగా వినిపిస్తుంది, డోలు మాత్రం పక్క వీధిలో ఎవరో వాయిస్తున్నట్టు ఉంటుంది. డిక్కీలో సబ్‌వూఫర్, అంటే అతి లోతైన బాస్ ఇచ్చే పెద్ద స్పీకరు, ఉంది. అది సీట్లను అదిరిస్తుందే తప్ప డోలు దెబ్బలోని బిగువును ఇవ్వలేదు. ఆ బిగువు చాలావరకు 80 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ పని చేయవలసినవి ముందు డోర్లలోని మిడ్‌బాస్ స్పీకర్లు.

వాటిని ఎంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. 8 అంగుళాలవి పెట్టాలంటే డోరు రేకు కోయాలి, అది నాకు ఇష్టం లేదు, కాబట్టి 6.5 అంగుళాలవే. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే పీక్ వాట్లను (క్షణకాలం మాత్రమే తట్టుకునే శక్తి) అసలు చూడకండి. ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా మోయగల శక్తి), మౌంటింగ్ లోతు (బిగించడానికి కావలసిన లోతు), క్యూటీఎస్ (స్పీకరు ఊగడం తనంతట తాను ఎంత అదుపులో ఉంటుందో చెప్పే అంకె) చూడండి. డోరు కొలిచి చేసిన స్పీకరు పెట్టె కాదు, అందుకని క్యూటీఎస్ 0.6 దరిదాపుల్లో ఉన్నది నయం. ఈ అంకె అడిగితే షాపులో నన్ను వింత జంతువును చూసినట్టు చూశారు.

ఎక్కడ పెట్టాలన్న దగ్గర మొదటి గొడవ. ‘బాస్ కావాలంటే వెనక ట్రే మీద 6×9 అంగుళాల స్పీకర్లు వేయించుకోండి సార్, అందరూ అదే వేయించుకుంటారు’ అన్నాడు యజమాని. మేళం నా ముందు కూర్చోవాలి గానీ వీపు వెనక కాదు. కాళ్ల పక్కన కిక్ ప్యానెల్‌లో పెడితే చెవి నుంచి రెండు స్పీకర్ల దూరాలు దాదాపు సమానమవుతాయి, కానీ చిన్న కారులో పెడళ్ల పక్కన అంత చోటు లేదు. చివరికి డోర్లలోనే, కంపెనీ ఇచ్చిన చోటే బిగించారు.

బిగించాక బాస్ పెరగలేదు సరికదా, ఉన్నదీ పోయింది. బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పాను, డోలు వచ్చింది. కుడికి తిప్పాను, వచ్చింది. మధ్యకు తెచ్చాను, మాయం! ఒక్క స్పీకరు ఇచ్చే బాస్‌ను రెండు కలిసి ఇవ్వలేకపోతున్నాయంటే ఒకదాని కోన్ (స్పీకరులో ఊగే గరాటు లాంటి పొర) ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోతోందన్నమాట. ఇద్దరు చెరోవైపూ తోస్తే బండి కదలదు. ఈ మాటే వెళ్లి చెప్పాను.

యజమాని కారులోకి కూడా ఎక్కలేదు. బయట నిలబడి, డోరు తెరిచి ఉంచి, వాల్యూము పెంచమన్నాడు. ‘బ్రహ్మాండంగా ఉంది కదా సార్. స్పీకర్లకు ఏ లోపమూ లేదు. ముందు మీరు చెవుల డాక్టరుకు చూపించుకోండి’ అన్నాడు. సీటు కవర్లు వేయించుకోవడానికి కుటుంబంతో వచ్చినాయన, ఆయన పిల్లలతో సహా, అందరూ నవ్వారు. నేను డబ్బు కట్టిన మనిషిని! నలభై దాటిన వయసులో చెవుల గురించి మాట పడటం ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుస్తుంది. పైగా డోరు మళ్లీ విప్పాలంటే వేరే కూలీ ఇవ్వాలట. ఇచ్చాను.

పని కుర్రాడు మంచివాడు. ‘తీగల రంగులు చూసే కలిపాను సార్’ అన్నాడు. రంగులు వదిలేయమని, గోడ గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టు సెల్లు తెప్పించాను. ఆంప్లిఫయర్ దగ్గర తీగలు ఊడదీసి, పాజిటివ్‌కు పాజిటివ్, నెగటివ్‌కు నెగటివ్ ఒక్క క్షణం తాకించాం. కుడి కోన్ బయటికి ఉబికింది. ఎడమ కోన్ లోపలికి పోయింది. అంటే ఎడమ స్పీకరు తీగలు తారుమారయ్యాయన్నమాట. కుర్రాడు నా వైపు, నేను యజమాని వైపు చూశాం. ఆయన ఫోను చూసుకుంటున్నాడు. క్షమాపణ లేదు, కూలీ వాపసూ లేదు. నవ్విన కుటుంబం అప్పటికే వెళ్లిపోయింది, అదొక్కటే నా బాధ.

డోరు ప్యానెల్ విప్పినందుకు ఇంకో నిజం బయటపడింది. బిల్లులో ‘డ్యాంపింగ్’ (రేకు అదరకుండా అతికించే పొర) అని రాసి డబ్బు తీసుకున్నారు. లోపల స్పీకరు వెనక అరచేయంత ముక్క ఒకటి అతికించి ఉంది. రేకులోని పెద్ద రంధ్రాలన్నీ తెరిచే ఉన్నాయి. కోన్ వెనక పుట్టే గాలి ఆ రంధ్రాల్లోంచి వచ్చి ముందు పుట్టే గాలిని కొట్టేస్తుంది, ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా ఇంతే. స్పీకరుకు పెట్టే డబ్బులో సగం డోరుకు పెట్టండి.

మిగిలిన పని ఆ షాపుకు ఇవ్వలేదు. పెద్ద రంధ్రాలకు అల్యూమినియం రేకు ముక్కలు స్క్రూలతో బిగించి, అంచులకు బ్యూటైల్ షీటు అనే జిగురు రబ్బరు పొర అతికించాను. స్క్రూలు ఎందుకంటే రేపు అద్దం మోటారు చెడితే విప్పుకోవాలి. డోరు అడుగున నీళ్లు పోయే సన్నని రంధ్రాలను మాత్రం ముట్టుకోకండి. అద్దం రబ్బరు పక్కనుంచి వాన నీరు లోపలికి దిగుతూనే ఉంటుంది. స్పీకరు కింద షాపువాళ్లు వేసిన ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన అట్ట) రింగులు ఆ తడికి ఉబ్బిపోతాయి. అందుకే విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రి గారి దగ్గర 20 మిల్లీమీటర్ల అల్యూమినియం రింగులు చేయించాను. ఆయనకు ఆడియో గురించి ఏమీ తెలియదు. అయినా మొదటి ప్రశ్నే ‘అద్దం పూర్తిగా దించి కొలిచావా బాబూ?’ అని అడిగారు. షాపులో ఒక్కరూ అడగని ప్రశ్న అది. అద్దం దిగినప్పుడు స్పీకరు వెనకున్న మాగ్నెట్‌కు తగిలితే అంతే సంగతులు.

తరవాత సర్దుబాట్లు. స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్, అంటే అంతకన్నా కింది ధ్వనులను ఆపే ఫిల్టరు, పెట్టాను. ధ్వని అదే స్థాయిలో ఉంచి ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం హెర్ట్జ్‌కు, దిగితే కోన్ నాలుగు రెట్లు కదలవలసి వస్తుంది, ఆ బరువు సబ్‌వూఫర్ మోయాలి. నా చెవికి కుడి స్పీకరు కన్నా ఎడమది సుమారు 60 సెంటీమీటర్లు దూరం. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు కాబట్టి రెండింటి ధ్వనీ ఒకేసారి చెవికి చేరాలని కుడిదాన్ని 1.75 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను. అంతకుముందు 285 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వని తగ్గి ఏర్పడిన గుంత పూడింది, డోలు డాష్‌బోర్డు మీదికి వచ్చి కూర్చుంది. మా బావమరిది విని, తన కారు కూడా నన్నే చేయమంటున్నాడు. నా కూలీ ఆ షాపు కన్నా ఎక్కువని చెప్పాను.

ఎడమ డోరులో తాళం కడ్డీ ఒకటి ఇంకా గలగలమంటోంది. దానికి చుట్టడానికి ఫోమ్ టేపు కొనాలి.