ఆరు వందల గజాల లోపు ఇళ్ల సంగతి

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పైకప్పు మీద తెల్ల పెయింటో, తెల్ల టైల్సో, ఎండను తిప్పికొట్టే పొరో వేస్తే ఇంట్లో వేడి తగ్గుతుంది. ఐదేళ్లలో రాష్ట్రమంతా కలిపి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పు ఇలా మార్చాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. చదరపు మీటరుకు 300 రూపాయలైతే చాలని అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ అన్నారు. నాకు చాలా సంతోషం వేసింది. బస్తీల్లో ఆరోగ్య సర్వేలు చేయడం నా పని. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో కూర్చుని ఫారం నింపుతుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఇంట్లో బాలింత ఉంటే ఇంకెలా ఉంటుందో కూడా తెలుసు.

పాలసీలో ఒక దగ్గర నా మనసు ఆగిపోయింది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు కూల్ రూఫ్ తప్పనిసరి. నివాస భవనాలకైతే 600 గజాలు, ఆపైన స్థలం ఉంటేనే తప్పనిసరి. అంతకంటే చిన్నవాటికి యజమాని ఇష్టం. కూల్ రూఫ్ వేస్తేనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టిన భవనంలోకి చేరొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) ఇస్తారు కాబట్టి పెద్ద భవనాల విషయంలో ఈ నిబంధన పనిచేస్తుంది. నేను తిరిగే బస్తీల్లో మాత్రం అరవై గజాల్లో రెండు కుటుంబాలుంటాయి. చాలామంది దగ్గర నోటరీ కాగితం తప్ప ఇంకేమీ ఉండదు. ఇంటికి పర్మిషనే లేనప్పుడు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మాటెక్కడిది?

బాధ ఎక్కడంటే, ఈ పాలసీకి దారి వేసిన పరిశోధన అలాంటి ఇళ్లలోనే జరిగింది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేద కుటుంబాల ఇళ్ల మీద డ్యూపాంట్ కంపెనీ ఇచ్చిన తెల్లటి పొర పరిచారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ), అమెరికా పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ, నగర కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీ కలిసి చేసిన పని అది. పొర వేసిన ఇళ్లలో లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. కూలర్ కూడా లేని గదిలో రెండు డిగ్రీలంటే రాత్రి కాస్త కన్ను మూతపడటం. పగలంతా కాగిన రేకు రాత్రి కూడా వేడి దింపుతూనే ఉంటే ఒళ్లు చల్లబడదు. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లకు ప్రమాదం అక్కడే.

పరిశోధన పాలసీగా మారినప్పుడు ఏ శాఖ చేతికి వెళ్లిందన్నదాన్ని బట్టి అది ఎవరికి అందుతుందో తేలిపోతుందని నా నమ్మకం. దీనికి అహ్మదాబాద్‌ను చూడాలి. 2010 మే నెలలో అక్కడ ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. దిలీప్ మావలంకర్ నాయకత్వంలో గాంధీనగర్ పబ్లిక్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, తోటి పరిశోధకులు అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ దగ్గరున్న మరణాల రిజిస్టరు ముందు పెట్టుకున్నారు. 2009, 2011 మే నెలలతో పోల్చి చూస్తే ఆ ఒక్క నెలలో 1,344 మరణాలు ఎక్కువ. సర్టిఫికెట్ మీద వడదెబ్బ అని రాసినవి లెక్కపెడితే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. గుండెపోటు అనో వయసు మీదపడిందనో రాసి వదిలేసేవాళ్లు.

అంకె కార్పొరేషన్ సొంత రిజిస్టరులోనిది కాబట్టి కాదనడానికి వీల్లేదు. 2013లో హీట్ యాక్షన్ ప్లాన్, అంటే ఎండల నుంచి జనాన్ని కాపాడే ప్రణాళిక, వచ్చింది. 45 డిగ్రీలు, ఆపైన ఎండ ఉంటుందన్న సూచన ఉంటే రెడ్ అలర్ట్. అలర్ట్ వస్తే ఏ విభాగం ఏం చేయాలో ముందే రాసిపెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇంకొకటి. అక్కడి ఒక మున్సిపల్ ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు పై అంతస్తులో ఉండేది. వేడికి పిల్లలు జబ్బుపడుతున్నారని డాక్టర్లు రికార్డులు చూసి గుర్తించారు, వార్డును కిందికి మార్చారు. దానికి కొత్త చట్టమేమీ అవసరం పడలేదు. తర్వాత 2017లో కార్పొరేషనే బస్తీ ఇళ్ల పైకప్పులకు తెల్లరంగు వేయించడం మొదలుపెట్టింది.

మనకూ అదే కావాలి. బస్తీ ఇంటి పైకప్పును పర్మిషన్ల విభాగానికి వదిలేయకుండా ఆరోగ్య విభాగం బడ్జెట్‌లో పెట్టాలి. టీకాకు ఇంటి పట్టా అడగం కదా. పైగా చాలా ఇళ్లలో ఉండేది అద్దెకున్నవాళ్లు. వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని ఇంటికి సొంత డబ్బుతో రంగు వేయించమని వాళ్లను అడగడం న్యాయం కాదు. దుమ్ము పడితే తెలుపు పనిచేయడం తగ్గిపోతుంది. కాబట్టి ఏటా కడిగించడానికి, కొన్నేళ్లకు మళ్లీ వేయించడానికి కూడా డబ్బు కేటాయించాలి. సిమెంటు రేకుల మీద మనుషులు నడిస్తే విరుగుతాయి, ప్రాణాల మీదికి వస్తుంది. నిచ్చెనలు, పలకలు, అలవాటున్న పనివాళ్లు ఉండాలి.

మా వార్డు ఆఫీసుకు ఈ మాటలన్నీ రాసి ఇచ్చాను, రేకుల ఇళ్లు ఏయే గల్లీల్లో ఉన్నాయో పేజీ జతచేసి. మీరు ఉండే చోట కూడా ఇవ్వండి. సంక్రాంతి లోపు ఇస్తే మంచిది, శివరాత్రి దాటిందంటే రేకులు కాగడం మొదలవుతుంది.