బరువు చూసి కొనకండి: మా రాజోలు అల్మరాలో యుద్ధ విమానాలు

మా ఇంటికి వచ్చి అల్మరాలో విమానాలు చూసినవాళ్ళు ముందుగా చేసే పని ఒకటే. ఒకటి తీసి చేతికివ్వమంటారు. అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తారు. బరువుగా ఉంటే "సరుకు గట్టిదేనండీ" అంటారు. తేలిగ్గా ఉంటే "ప్లాస్టిక్కా?" అని వెంటనే తిరిగి ఇచ్చేస్తారు. ఇత్తడి బిందె కొనేటప్పుడు ఆ లెక్క సరిపోతుంది గానీ మోడల్ విమానానికి సరిపోదు. ఈమధ్య అమలాపురం నుంచీ పాలకొల్లు నుంచీ కొందరు కుర్రాళ్ళు ఫోన్ చేసి "మొదటిది ఏది కొనమంటారండీ?" అని అడుగుతున్నారు. వాళ్ళందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను రాజోలులో మెడికల్ షాపు నడుపుతాను. రాత్రి షట్టర్ వేశాక ఈ విమానాలే నా లోకం.

ముందు స్కేలు సంగతి. 1/72 అంటే అసలు విమానంలో ఆరు అడుగులు మోడల్‌లో ఒక అంగుళం. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. 1/72లో అది పది సెంటీమీటర్లు, 1/48లో పదిహేను. కొత్తవాళ్ళకు 1/48 బాగా నచ్చుతుంది. కాక్‌పిట్ లోపల మీటర్లు కనిపిస్తాయి, చక్రాల దగ్గర పైపులు కనిపిస్తాయి. అయినా నేను 1/72 వదల్లేదు. ఎందుకంటే ఒకే స్కేలులో పక్కపక్కన పెడితేనే ఏది ఎంతదో తెలుస్తుంది. పది సెంటీమీటర్ల మిగ్ పక్కన ఇరవై సెంటీమీటర్ల రెక్కలతో సుఖోయ్-30 పెట్టి చూడండి. మన వైమానిక దళం ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో ఎవరూ వివరించక్కర్లేదు.

ఈ లెక్క ఇబ్బంది పెట్టేది పెద్ద విమానాల దగ్గర. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కు ఎదురుగా టీయూ-142 అనే నౌకాదళ గస్తీ విమానం మ్యూజియం ఉంది కదా. నౌకాదళం 2017లో దాన్ని విరమింపజేశాక, అదే ఏడాది చివర్లో మ్యూజియంగా తెరిచారు. దాని కింద నిలబడి ఇంజన్ల వైపు చూస్తే మెడ నొప్పి పుడుతుంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ముందొకటి వెనకొకటి రెండు ప్రొపెల్లర్లు, అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. రెక్కల వెడల్పు 50 మీటర్లు. 1/72లో చేస్తే దాదాపు 70 సెంటీమీటర్లు. మా అల్మరా అరలో పట్టదు. అందుకని దాన్ని మాత్రం 1/144లో తీసుకున్నాను, విడిగా పై అరలో పెట్టాను. మిగ్‌ల పక్కన పెట్టి ఉంటే పిల్లలకు తప్పు లెక్క చూపించినట్టయ్యేది.

ఇక డీటెయిల్. నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది దీనికే, అందులోనూ ముందు ఆకారానికి. మిగ్-21 అనగానే అన్నీ ఒకటే అనుకుంటారు. 1963లో మన దళంలోకి వచ్చిన మిగ్ వేరు, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న బైసన్ అనే ఆధునిక రకం వేరు. 1971 యుద్ధంలో ఎగిరింది ఎఫ్‌ఎల్ రకం. డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ భవనం మీద రాకెట్లు వేసినవి అవే. ఎఫ్‌ఎల్‌కు కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా వెళ్ళే వెన్ను సన్నగా ఉంటుంది. తర్వాత వచ్చిన బిస్ రకానికి ఆ వెన్ను లావుగా ఉబ్బి నేరుగా తోకలో కలిసిపోతుంది. ముక్కు మీద పొడుగ్గా ముందుకు సాగిన, వేగం కొలిచే పీటో గొట్టం ఎఫ్‌ఎల్‌లో సరిగ్గా నడిమధ్యన ఉంటుంది, బిస్‌లో కుడి పక్కకు జరిగి ఉంటుంది. ఎఫ్‌ఎల్‌కు సొంత తుపాకీ లేదు, కావాలంటే పొట్ట కింద గన్ పాడ్ (తుపాకీ ఉన్న విడి తొట్టి) తగిలించేవారు. బైసన్‌కు వచ్చేసరికి పైలట్ ముందున్న అద్దం చట్రాలు లేకుండా ఒకే ముక్క అయింది.

ఈ నాలుగూ చూసుకుంటే చాలు, ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు. ఒక ఆన్‌లైన్ దుకాణం వాళ్ళు "1971 ఢాకా మిగ్" అని పెట్టిన డైకాస్ట్ (లోహాన్ని అచ్చులో పోసి, రంగు వేసి అమ్మే రెడీమేడ్ మోడల్) ఫోటోలు జూమ్ చేసి చూశాను. వెన్ను లావు, పీటో కుడి పక్కన. ఒకే అచ్చు తీసుకుని మీద రంగులు మార్చి యుద్ధం పేరు తగిలించారు. ధర మాత్రం పది వేల పైమాటే. ఫోన్ చేసి అడిగితే "చాలా బరువుంటుంది సార్, ఫుల్ మెటల్" అన్నారు. నేను అడిగింది బరువు కాదు.

నాట్ అనే చిన్న యుద్ధ విమానం విషయంలోనూ ఇదే తంతు. 1971 డిసెంబర్ 14నే శ్రీనగర్ పైన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ఒంటరిగా పోరాడి ప్రాణాలిచ్చింది నాట్‌లోనే. వైమానిక దళంలో పరమవీర చక్ర అందుకున్నది ఆయన ఒక్కరే. ఆ విమానంలో ఒక్కడికే చోటు. రెక్కల వెడల్పు ఏడు మీటర్లు కూడా లేదు, అంత చిన్నది. బ్రిటన్‌లో రెడ్ యారోస్ అనే విన్యాసాల జట్టు ఎగరేసినది ఇద్దరు కూర్చునే శిక్షణ నాట్. ఆ రెండు సీట్ల అచ్చుకు మన త్రివర్ణ గుండ్రాలు అంటించి అమ్మేవి కూడా చూశాను. సెఖోన్ పేరు మీద అలాంటిది అల్మరాలో పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఆకారం తర్వాత చూడాల్సింది గీతలు. విమానం ఒంటిమీద రేకులు కలిసే చోట ఉండే ప్యానెల్ లైన్స్ అన్నమాట. డైకాస్ట్‌లో అవి లోతుగా, వెడల్పుగా ఉంటాయి. ఎందుకంటే లోహం మీద రంగు మందంగా పడుతుంది, గీత సన్నగా ఉంటే రంగులో పూడుకుపోతుంది. మోడల్ మీద అర మిల్లీమీటరు గీత ఉందనుకోండి, 72తో గుణిస్తే అసలు విమానం మీద మూడున్నర సెంటీమీటర్ల గాడి. వేళ్ళు దూరిపోతాయి! అలాగే రెక్క వెనక అంచు మోడల్‌లో ఒక మిల్లీమీటరు మందం ఉంటే, అసలు దానిలో ఏడు సెంటీమీటర్లు. ఫోటోలో రెక్కను పక్క నుంచి చూపించమని అమ్మేవాళ్ళను అడగండి. అడిగితే చూపిస్తారు.

డైకాస్ట్ అంటే ఎక్కువగా జింకు మిశ్రమం, అందులో కొంచెం అల్యూమినియం. పాలీస్టైరీన్ ప్లాస్టిక్ కంటే ఆరు రెట్లు బరువు. బరువులో ఉన్న రహస్యం అంతే, పనితనంతో దానికి సంబంధం లేదు. పైగా ఆ మిశ్రమంలో సీసం కాస్త కలిసినా ఏళ్ళు గడిచేకొద్దీ లోహం లోపల్నుంచి పగిలి పొడిపొడిగా రాలిపోతుంది, దాన్నే జింక్ పెస్ట్ అంటారు. తేమ ఉంటే అది ఇంకా తొందరగా ముదురుతుంది. మంచి కంపెనీల కొత్త మోడల్స్‌లో ఈ బెడద తక్కువే. అయితే మనం ఉన్నది ఎక్కడ? ఒక పక్క గోదావరి, ఒక పక్క సముద్రం, మధ్యలో కాలవలు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా గోడలే చెమరుస్తాయి. పేరూ ఊరూ లేని చౌక డైకాస్ట్ మీద ఇక్కడ డబ్బు పోయొద్దని అందుకే చెబుతున్నాను.

పాతవి కొనేటప్పుడు పెట్టెలో ఉండే స్పాంజి కూడా చూసుకోండి. మన తేమకు అది జిగటగా కరిగి రంగుకు అంటుకుంటుంది. మోడల్ ఇంటికి రాగానే ఆ స్పాంజి తీసి పారేయండి. నేను అల్మరాలో ప్రతి అరకీ సిలికా జెల్ పొట్లాలు పెడతాను. మందుల డబ్బాల్లో వచ్చేవి ఉంటాయి కదా, మా షాపులో వాటికి కొదవ లేదు. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర మాత్రం ఏదీ పెట్టొద్దు. తెల్ల రంగు, డెకాల్స్ (గుర్తులు, అంకెలు ఉండే పలచటి స్టిక్కర్లు) పసుపెక్కిపోతాయి.

ప్లాస్టిక్ కిట్ అయితే మనమే అతికించి, రంగు వేసుకోవాలి. ఓపిక కావాలి, కాదనను. కానీ గీత ఎంత సన్నగా ఉండాలో, రంగు ఎంత పలచగా పడాలో మన చేతిలో ఉంటుంది. లాకర్ రంగులు (థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రకం) స్ప్రే చేసేవాళ్ళు వానాకాలంలో ఆ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమకు రంగు మీద తెల్లటి పొర తేలుతుంది. నేను సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు రంగుల పని ముగిస్తాను, వానల్లో కోతలు, అతుకులు చూసుకుంటాను. కాక్‌పిట్ మీద మూతలా ఉండే కనోపీ అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించకండి, ఆ ఆవిరికి అద్దం మసకబారుతుంది. మామూలు తెల్ల ఫెవికాల్ చాలు, ఆరాక కనిపించదు కూడా. కిట్‌కు అదనంగా కొనుక్కునే రెజిన్ (గట్టిపడిన రసాయన జిగురు) ముక్కలు అరగదీసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. ఈ మాట మెడికల్ షాపువాడిగా చెబుతున్నాను, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ధర దగ్గరికి వద్దాం. 1/72 ఫైటర్ కిట్ నాకు రెండు వేల నుంచి నాలుగు వేల మధ్య దొరుకుతోంది. మొదటిసారి రంగులు, జిగురు, కత్తి, బ్రష్‌లకు ఇంకో రెండు వేలు పెట్టుకోవాలి, కానీ అవి తర్వాతి కిట్లకూ వస్తాయి. అదే సైజు మంచి డైకాస్ట్ పది వేలు దాటుతుంది. విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ బాదుడు వేరే. ఈ మోడల్స్ బొమ్మల లెక్కలోకే వస్తాయి. బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. వెబ్‌సైట్‌లో కనపడే డాలర్ల ధర చూసి సంబరపడొద్దు, పోస్టేజీ, సుంకం కలిపాక వచ్చే అంకె చూసి నిర్ణయించుకోండి. పది వేలు ఉంటే పేరులేని డైకాస్ట్‌లు నాలుగు కొనేకంటే రెండు మంచి కిట్లు కొని, వాటి చరిత్ర చదివి, సరిగ్గా తయారుచేయమంటాను. చేతులతో చేసే ఓపిక నిజంగా లేనివాళ్ళు ఏడాదికి ఒక్క డైకాస్ట్ కొనుక్కోండి, అది సరైన అచ్చుదై ఉండాలి.

ఇప్పుడు నా బల్ల మీదకు రాబోయేది మన విమానం కాదు, మన మీదకు వచ్చిన విమానం. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీదా విశాఖ మీదా జపాన్ వాళ్ళు బాంబులు వేశారు. బంగాళాఖాతంలోకి వచ్చిన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి ఎగిరిన నకజిమా బి5ఎన్ బాంబర్ల పని అది. కాకినాడలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారని మా తాతగారు చెప్పేవారు. ఆ విమానం రెక్కలు పదిహేనున్నర మీటర్లు, 1/72లో ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్లు. హసెగావా, ఎయిర్‌ఫిక్స్ రెండూ ఈ కిట్ చేశాయి. హసెగావా అచ్చు పాతది. బి5ఎన్‌లో ముగ్గురు వరసగా కూర్చుంటారు, పొడవాటి అద్దం కిందినుంచి లోపలంతా కనిపిస్తుంది, కాబట్టి లోపలి పనితనం ఎక్కువగా ఉన్న కొత్త ఎయిర్‌ఫిక్స్ అచ్చు వైపే మొగ్గుతున్నాను. చిక్కు డెకాల్స్‌తోనే. పెట్టెల్లో వచ్చేవి ఎక్కువగా పెర్ల్ హార్బర్‌కు వెళ్ళిన ఓడలవి. ర్యూజో ఆ దాడికి వెళ్ళలేదు. తోక మీది అక్షరాలు, అంకెలు నేనే రాసుకోవాలి. ర్యూజో విమానాల తోక స్పష్టంగా కనిపించే ఫోటో మీలో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. అది దొరికేదాకా రంగు డబ్బా మూత తీయను.