కుడి ఊపిరితిత్తిలో సీతాఫలం గింజ

దసరా తర్వాత మా చిన్నోడికి పట్టుకున్న దగ్గు సంక్రాంతి దాటినా వదల్లేదు. అప్పుడు వాడికి రెండేళ్లు. చలికాలం, పైగా పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు, ఆ దుమ్మేనన్నారు అందరూ. దగ్గర్లోని క్లినిక్‌లో నెబ్యులైజర్ పెట్టారు, తర్వాత ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారు. యాంటీబయాటిక్ వేసినన్నాళ్లు జ్వరం తగ్గేది, ఆపగానే మళ్లీ కాసేది. రాత్రిళ్లు పిల్లికూతలు. పొద్దున లేస్తే మాత్రం ఇల్లంతా పరుగులే.

చివరికి పిల్లల ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించాం. ఆవిడ పాత ఎక్స్-రేలన్నీ వరసగా పెట్టి, "నిమ్ము ప్రతిసారీ కుడివైపు కిందే ఉంది. పిల్లికూత కూడా అటే. ఆస్తమా ఇలా ఒకే పక్క ఉండదమ్మా" అన్నారు. తర్వాత నన్ను వదిలేసి అత్తమ్మను అడిగారు, పగలంతా వాడు ఆమె దగ్గరే కదా: "తింటూ ఎప్పుడైనా ఉక్కిరిబిక్కిరయ్యాడా?"

"సీతాఫలం తింటుంటే పొలమారింది మేడం. మొఖం ఎర్రగైంది, మస్తు దగ్గిండు. ఎవరో యాది చేస్తున్నరని నెత్తి మీద తట్టిన. జర సేపటికి మంచిగనే ఆడుకున్నడు."

అంత లావు ఫైలులో లేని ముక్క అది. అంతకుముందు ఆమెను ఎవరూ అడగలేదు.

లోపలికి జారింది ఒకచోట కుదురుకోగానే దగ్గు ఆగిపోతుందట, కొన్ని వారాలు ఏమీ లేనట్టే ఉండొచ్చట. కుడి శ్వాసనాళం ఎడమదానికంటే వెడల్పు, నిటారు, అందుకే ఎక్కువగా అటే పోతాయి. గింజలూ పల్లీలూ ఎక్స్-రేలో సాధారణంగా కనిపించవు. వాటి వెనక చిక్కుకున్న గాలి కనిపిస్తుంది: పీల్చిన గాలి లోపలికెళ్తుంది గానీ పూర్తిగా బయటికి రాదు. ఊపిరి వదిలినప్పుడు తీసిన ఎక్స్-రేలో మావాడి కుడివైపు ఉబ్బి, మరీ నల్లగా ఉంది.

మర్నాడు మత్తిచ్చి రిజిడ్ బ్రాంకోస్కోపీ చేశారు, అంటే నోట్లోంచి శ్వాసనాళంలోకి గట్టి గొట్టం పంపి, దాన్లోంచి పట్టకారుతో తీయడం. థియేటర్ బయట మావారు ఫోన్ చూస్తూ, 1897లో జర్మనీలో కిలియన్ అనే డాక్టర్ ఇలాగే ఒకతని లోపలి ఎముక ముక్క తీశాడని మొదలుపెట్టారు. ఇప్పుడా ఆ చరిత్ర అని కసిరాను.

గింజ చెక్కుచెదరకుండా వచ్చింది. దాని చుట్టూ మాత్రం చీము, ఉబ్బిన కండ. అందుకే దగ్గు వెంటనే మాయం కాలేదు. మందులు, రోజూ వీపు తట్టే ఫిజియోథెరపీ సాగాయి. ముందు ఆకలి తిరిగొచ్చింది, తర్వాత రాత్రి నిద్ర. అత్తమ్మ ఏడుస్తుంటే, "మీరు గుర్తుపెట్టుకోబట్టే దొరికింది" అని డాక్టరే సర్దిచెప్పారు.

తర్వాతి ఎక్స్-రేలో రెండువైపులా ఒకేలా ఉన్నాయి, ఇన్‌హేలర్ ఆపేయమన్నారు. ప్లేస్కూల్ ఫారంలో మాత్రం వాడికింకా ఆస్తమానే. అది కొట్టేయడానికి డాక్టర్ ఉత్తరం తెమ్మంటున్నారు.