పులిపిల్ల అమ్మకానికి పోస్టు కనిపిస్తే

దుబాయ్‌లో ఎవరో సింహాన్ని కారులో తిప్పిన రీలు చూసి మనకూ ఒకటి దొరుకుతుందా అని వెతికేవాళ్లున్నారు. ఆ దేశంలోనే ఇళ్లలో ఇలాంటి జంతువుల్ని పెంచకూడదని 2016లో చట్టం చేశారు. మన 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పులిని, చిరుతను కొన్నా, అమ్మినా, దగ్గర పెట్టుకున్నా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25 వేల జరిమానా. అమ్మేవాళ్లు "పేపర్లన్నీ ఇస్తాం" అంటే పచ్చి అబద్ధం.

ఇందులో మోసాలూ ఉంటాయి. అడ్వాన్సు వేశాక బోను ఖర్చు, రవాణా ఖర్చు అంటూ లాగుతారు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అలాగని అన్నీ ఉత్తుత్తివే కావు. 2019 ఫిబ్రవరిలో చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుడి సామానులో నెల వయసు చిరుత కూన దొరికింది. మన నెల్లూరు నుంచి చెన్నై ఎంత దూరమని?

తల్లికి దూరమైన కూన బతకడం చాలా కష్టం. ఆవుపాలు పడితే విరేచనాలు. వెల్లకిలా పడుకోబెట్టి సీసా పెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పసికూనకు తల్లి నాకితేనే మలమూత్రాలు వస్తాయి. అది తెలియక పాలు మాత్రమే పడుతుంటే కడుపు ఉబ్బిపోతుంది. పెరిగే వయసులో బోన్‌లెస్ చికెన్ ఒక్కటే పెడితే కాల్షియం చాలక కాళ్ల ఎముకలు వంగి, విరుగుతాయి.

పోస్టు కనిపిస్తే షేర్ చేయొద్దు, తిడుతూ కామెంటూ పెట్టొద్దు. కామెంట్లు పెరిగేకొద్దీ అది ఇంకా పదిమందికి చేరుతుంది. పేరు ఎప్పుడైనా మార్చేస్తారు కాబట్టి ముందు ప్రొఫైల్ లింకు, పోస్టు లింకు కాపీ చేసుకోండి. వీడియోను తేదీ, టైముతో సహా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ రాసుకోండి. వెనక వినిపించే మాటలు, బోను, గోడ మీది రాత కూడా ఆచూకీ చెబుతాయి. ఇవన్నీ ముందు అటవీ శాఖ అధికారి (డీఎఫ్ఓ) ఆఫీసుకో, వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరోకో ఇవ్వాలి. యాప్‌లో రిపోర్టు కొట్టడం ఆ తర్వాతే. ముందే కొడితే పోస్టు పోతుంది, వాడు మాత్రం ఇంకో ఖాతా తెరుస్తాడు. కొనేవాళ్లలా నటించి బేరమాడితే కేసులో మీ నంబరే ముందు తేలుతుంది.

ఇక ఉదయగిరి, రాపూరు కొండల కింద, దోర్నాల వైపు చేలల్లో దొరికే కూనల సంగతి. చిరుతపిల్లలని భయపడేవి చాలాసార్లు జంగపిల్లి (అడవిపిల్లి) పిల్లలే. చిరుత కూనకు పుట్టుకతోనే ఒళ్లంతా ఒత్తుగా మచ్చలు, పొడుగు తోక ఉంటాయి. జంగపిల్లికి లేత చారలు, నిక్కిన చెవులు, పొట్టి తోక. ఏదైనా సరే ఎత్తకండి, సెల్ఫీలు దిగకండి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో దొరికిన నాలుగు పులికూనల్ని తల్లి దగ్గరికి చేర్చాలని అటవీ సిబ్బంది ప్రయత్నించినా కుదరక తిరుపతి జూకి పంపాల్సి వచ్చింది. అందుకే కూనల్ని ఉన్నచోటే వదిలి, కుక్కల్ని కట్టేసి, జనాన్ని వెనక్కి పంపి, అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేయండి. అలికిడి లేకపోతే చీకటిపడ్డాక తల్లి వచ్చి నోట కరుచుకుని తీసుకెళ్లే అవకాశం ఉంటుంది.